జంట పడితే పెద్దవాడిది

తాను ఓడిపోలేదన్న సంగతి బంగారానికి నలభై ఆరో ఏట తెలిసింది. అది కూడా ఫ్యాక్టరీ క్యాంటీన్లో, చేతిలో సగం తాగిన టీ గ్లాసుతో, చుట్టూ నలుగురు నవ్వుతుంటే తెలిసింది. అప్పటిదాకా ఓడిపోయాననే నమ్మింది. నమ్మి ఊరుకుందా అంటే అదీ లేదు, తనను ఓడించిన ఆటను నెత్తిన పెట్టుకుని ఊరేగింది. మరి ఒళ్ళు మండదా?

బంగారం అన్నది ఆవిడ అసలు పేరు కాదు. ఓడినా ఏడవదని చిన్నప్పుడు నాన్న ముద్దుగా పెట్టిన పేరు. "మా బంగారం ఏమీ అనదు" అని ఇంటికొచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేవాడు. పిల్లల్ని ఇలాంటివాటికి మెచ్చుకోకూడదు. ఒక్కసారి మెచ్చుకున్నామంటే ఆ మెప్పు నిలబెట్టుకోవడానికి జన్మంతా నోరు కుట్టేసుకుంటారు.

నాన్నది కళ్ళజోళ్ళ షాపు. ఒకపక్క మందుల షాపు, ఇంకోపక్క గడియారాలు బాగుచేసే ఆయన, మధ్యలో ఇరుకున ఇది. ముందు షాపు, వెనక ఇల్లు. ఇల్లంటే ఒకటే గది, అందులో ఒక మంచం, మంచం కింద సంసారమంతా. బల్ల అన్నది షాపులో ఒక్కటే ఉండేది. దానిమీద సానరాయి, పట్టుకార్లు, ఆవగింజలంత మరలు. దాని దరిదాపుల్లో పిల్లల చెయ్యి కనబడితే వీపు చిట్లిపోయేది.

ఓడల్లో పనిచేసి రిటైరైన ముసలాయన ఒకాయన నాన్నకి పాత ఖాతాదారు. ఆయన ఇంట్లో పెద్ద బల్లంత పలక ఉండేది. దానిమీద సముద్రం, రేవులు, చెక్క ఓడలు, పాచికలు. కళ్ళజోడు ఇవ్వడానికి వెళ్ళిన నాన్నని కూర్చోబెట్టి ఒక ఆట ఆడితే కానీ వదిలేవాడు కాదు. నాన్నకి ఆ ఆట పిచ్చి పట్టుకుంది. పలక కొనే తాహతు లేదు, కొన్నా పరిచే చోటు లేదు. అందుకని ఫ్రేములు వచ్చే అట్టపెట్టెలు కత్తిరించి, కళ్ళద్దాల మీద గుర్తు చుక్కలు పెట్టే సిరాతో బొమ్మలు గీసి, ఆ సముద్రాన్నంతా పేకముక్కల్లోకి దింపేశాడు. రేవు ముక్కలు, గాలి ముక్కలు, తుఫాను, దొంగ. పాచికలు మంచం కిందికి దొర్లిపోతాయని వాటిని తీసేశాడు. ఒక్కో చుట్టుకి అందరూ తలా ఒక ముక్క బోర్లా పెట్టాలి, ఒక్కసారిగా తిప్పాలి. గాలి లేకుండా రేవు పెడితే చెల్లదు. ఎదుటివాడి తుఫాను తగిలితే పెట్టింది పోతుంది. అయిదు రేవులు ముందు ఎవరికి చేరితే వాళ్ళది ఆట. పంచిన ముక్కలు ఎత్తకపోతే ఆట వదులుకున్నట్టే.

అందరూ ఒకేసారి తిప్పడంతో అయిదో రేవు ఇద్దరికీ ఒకే చుట్టులో పడటం తరచుగా జరిగేది. దాన్ని ఆ ఇంట్లో జంట అనేవాళ్ళు. జంట పడితే ఆట పెద్దవాడిది. ఇంట్లో ఉన్నది ఇద్దరు పిల్లలు. అన్నయ్య నాలుగేళ్ళు పెద్ద. ఇక చెప్పేదేముంది, జంట పడ్డప్పుడల్లా వాడిదే.

ఆటగా ఆడుకుని ఊరుకుంటే పోయేది. నాన్న దాన్ని ఇంటి కోర్టు చేశాడు. కిటికీ పక్కన ఎవరు పడుకోవాలి, కొత్త గొడుగు ఎవరికి, నీళ్ళు ఎవరు పట్టాలి, ఏ తగువొచ్చినా మంచం మీద ముక్కలు పడాల్సిందే. ఆట మాటే ఆఖరు మాట. పక్కింటి పిల్లలు జుట్లు పట్టుకుంటుంటే మా పిల్లలు ముక్కలు పట్టుకుంటారని నాన్న మీసం దువ్వుకునేవాడు. కిటికీ పక్కన ఎప్పుడూ అన్నయ్యే పడుకునేవాడు. గొడుగూ వాడిదే. అదృష్టం వాడి వైపుందని బంగారం అనుకునేది.

స్కూలు చదువు అయ్యేసరికి ఇద్దరూ షాపు పనిలో చెయ్యి తిరిగినవాళ్ళే. బంగారానికి ఆ పనిలో అన్నిటికంటే ఇష్టమైంది సాన కాదు, మరలు కాదు. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న మనిషి గుమ్మంలోకి వెళ్ళి ఎదురు షాపు బోర్డు కూడబలుక్కుంటూ చదివి, వెనక్కి తిరిగి చూసే చూపు. దానికోసం రోజంతా నిలబడమన్నా నిలబడేది. నాన్నకి గుండె జబ్బు చేసి, ఈ షాపు రెండు సంసారాలని మోయలేదు, ఒక్కరికే ఇస్తానన్నప్పుడు ఎవరికీ వేరే ఆలోచనే రాలేదు. ముక్కలు తీశారు.

ఆ రోజు ఇద్దరికీ నాలుగేసి రేవులు. చివరి ముక్క ఇద్దరూ ఒకేసారి తిప్పారు. ఇద్దరివీ రేవులే. జంట.

బంగారం ముక్కలన్నీ పోగుచేసి, అంచులు సరిచేసి, డబ్బాలో పెట్టి "అన్నయ్యదే" అంది. నాన్న తల నిమిరి బంగారు తల్లి అన్నాడు. ఆ తర్వాత ఆవిడ కళ్ళద్దాల ఫ్యాక్టరీలో సాన విభాగంలో చేరింది. అక్కడ అద్దాలు గంపలకొద్దీ వస్తాయి, గంపలకొద్దీ పోతాయి. ఏ అద్దం ఎవరి ముక్కు మీద కూర్చుంటుందో దేవుడికే ఎరుక. రోజంతా తడి చేతులు, గోళ్ళలో తెల్లటి బురద, చెవుల్లో యంత్రాల రొద. ఒక్క మనిషి మొహం కనబడదు. ఎవరైనా జాలిపడి షాపు నీకు రాలేదేం అంటే, ఆడి ఓడిపోయానండీ, ఆటంటే ఆటే కదా అని నవ్వేసేది.

నోరు ఒకచోట కుట్టేస్తే ఇంకోచోట తెరుచుకుంటుంది. ఇంట్లో బంగారమైన మనిషి ఫ్యాక్టరీలో టపాకాయ. సూపర్‌వైజరు కూడా ఆవిడ యంత్రం పక్కనుంచి వెళ్ళాలంటే ఆచితూచి అడుగేస్తాడు. బస్సు నడిపే మొగుడు దొరికాడు. రోడ్డు మీద హారన్ కొట్టడం తప్ప ఇంట్లో గొంతెత్తని మనిషి. ఒక కూతురు పుట్టింది. దానికి మాటలు వచ్చీ రాగానే ఓడల ఆట నేర్పింది. జంట పడితే పెద్దవాళ్ళదమ్మా అని అదీ నేర్పింది, తాతయ్య చెప్పిన మాట అని ముద్దుగా నేర్పింది.

ఆ కూతురికి ఇరవై ఒకటి నిండాయి. బట్టల షాపులో కౌంటర్ దగ్గర నిలబడి కాళ్ళు వాచిపోతున్నా, సాయంత్రం అక్కడినుంచి నేరుగా మామయ్య షాపుకి పోయి ఫ్రేములు తుడుస్తూ కూర్చుంటుంది. ఒకరోజు ఇంటికొచ్చి, ఇవాళ ఒక పాపకి కళ్ళజోడు నేనే పెట్టానమ్మా, అది వాళ్ళమ్మ మొహం చూసి నువ్విలా ఉంటావా అని అడిగింది అని చెప్పింది. చెబుతున్నప్పుడు దాని కళ్ళలో ఉన్నది బంగారానికి బాగా తెలిసిన జబ్బే.

ఇంతలో అన్నయ్య కబురు పెట్టాడు. తనకి చెయ్యి వణుకుతోందట. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని పని నేర్పి, షాపు వాళ్ళకి అప్పజెప్పాలట. అతనికీ ఒక కొడుకున్నాడు. మంచివాడే, కాకపోతే ఏ పనీ వారానికి మించి నచ్చదు. కొడుకా, మేనకోడలా? అందుకని ఆదివారం మధ్యాహ్నం పిల్లలిద్దరూ నాన్న మంచం మీద ఆడాలి, గెలిచినవాళ్ళకి షాపు. మన ఇంటి పద్ధతే కదా అన్నాడు. బంగారం సరే అంది. కూతురు రెండు రాత్రులు నిద్రపోలేదు. ముక్కలు కలుపుతూనే కూర్చుంది. బావ నాకంటే ఆరునెలలు పెద్ద కదమ్మా, జంట పడితే ఎలా అని ఒక్కసారి మాత్రం అడిగింది. జంట పడకుండా చూసుకో అని తల్లి సలహా ఇచ్చింది. ఆ సలహా తలుచుకుంటే ఇప్పటికీ తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది ఆవిడకి.

గురువారం క్యాంటీన్లో ప్యాకింగు విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి సంచీలోంచి మడత పలక ఒకటి తీసి టేబుల్ మీద పరిచింది. వాళ్ళక్క ఇంట్లో పడి ఉందట. సముద్రం, రేవులు, చెక్క ఓడలు. బంగారం టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఆటని పలక మీద చూడటం అదే మొదలు. నాన్న సిరాతో గీసిన వంకర ఓడకి ఇదన్నమాట అసలు బొమ్మ. నాకూ వచ్చు అని కూర్చుంది.

మధ్యాహ్నం గంట కొట్టే వేళకి ఆవిడ ఓడా, స్టోరు చూసే పెద్దాయన ఓడా ఒకే చుట్టులో చివరి రేవు చేరాయి. ఆవిడ తన ఓడని పక్కకి జరిపి మీదేనండీ అంది. ఆయన ఎందుకన్నాడు. జంట పడింది కదా, మీరు పెద్దవారు కదా అంది. నలుగురూ పకపకా నవ్వారు.

"ఇంకో చుట్టు ఆడాలమ్మా," అన్నాడు పెద్దాయన. "వయసు చూసి గెలుపిచ్చే ఆట ఎక్కడైనా ఉందా?"

ఉందనే ఆవిడ వాదించింది. చిన్నప్పటినుంచీ ఆడుతున్నాను, నాకు తెలియదా అని టపాకాయలాగే పేలింది. ప్యాకింగు అమ్మాయి మా ఊళ్ళోనూ ఇంతే అంది. ఇంకొకావిడ మా అత్తగారింట్లోనూ ఇంకో చుట్టే అంది. చివరికి ఆడారు ఆ ఒక్క చుట్టూ. బంగారం గెలిచింది. గెలిచి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ సాన దగ్గరికి వెళ్ళి, ఆ పూటంతా ఎన్ని అద్దాలు పాడుచేసిందో లెక్కలేదు. టపాకాయ పేలకుండా ఉంటే భయం కదా, ఎవరూ పలకరించలేదు.

ముందు నాన్న మీద మండింది. చచ్చినవాడి మీద కోపం తెచ్చుకుంటే ఏం లాభం, ఎదురు చెప్పడు, పోట్లాడడు. అదింకా మంట. పలక మీద అసలు ఆట ఆడివచ్చిన మనిషి కదా, ఇంకో చుట్టు ఉందని ఆయనకి తెలిసే ఉండాలి కదా. తెలిసి కూడా తల నిమిరాడా? ఆ చెయ్యి ఇంకా తల మీద ఉన్నట్టే ఉండి, ఆవిడ దువ్వెన తీసుకుని జుట్టంతా విప్పి దువ్వుకుంది. మొగుడితో చెబితే అంతా విని, ఆదివారం డ్యూటీ మార్చుకుని నేనూ రానా అన్నాడు. అక్కర్లేదంది. ఇది అతను నడపాల్సిన బండి కాదు.

ఆదివారం షాపు ముందు తలుపు వేసి ఉంది. అన్నయ్య ఈమధ్య పైన రెండు గదులు వేసుకున్నాడు కానీ ఆట మాత్రం కింద పాత గదిలో, పాత మంచం మీదే. బంగారం వాళ్ళమ్మ గోడవార కుర్చీలో కూర్చుంది. వదిన పక్కన వంటలు దించి కంచాలు సర్దుతోంది. ఆట కాగానే అందరూ భోంచేద్దామంది. పిల్లలిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అన్నయ్య ముక్కలు కలిపి పంచబోతుంటే బంగారం చెయ్యి అడ్డం పెట్టింది.

"జంట పడితే ఏంటన్నయ్యా?"

"ఏంటంటే? పెద్దవాడిది. కొత్తగా అడుగుతావేం?"

క్యాంటీన్లో జరిగింది చెప్పింది. నెమ్మదిగానే మొదలుపెట్టింది కానీ మధ్యలోకి వచ్చేసరికి గొంతు ఫ్యాక్టరీ గొంతైపోయింది. యంత్రాల రొద మీదుగా అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు, ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినని గొంతు. మేనల్లుడు ముక్కలు కింద పెట్టేశాడు. అన్నయ్య మాత్రం, అది పలక మీద ఆట, ఇది మన ఆట, నాన్న ఎన్నో మార్చాడు, ఇదీ మార్చాడు అని సర్దిచెప్పబోయాడు.

"పలక తీసేశాడు, కొనలేక. పాచికలు తీసేశాడు, దొర్లిపోతాయని. ఆ ఒక్క చుట్టు ఎందుకు తీసేశాడు? దానికి చోటు చాల్లేదా, డబ్బు చాల్లేదా?"

 కుర్చీలోంచి అమ్మ గొంతు వచ్చింది.

"మీ నాన్నని ఆడిపోసుకోకు. అది నేను పెట్టించిందే."

బంగారం అటు తిరిగింది.

"మొదట్లో ఇంకో చుట్టు ఆడేవాళ్ళే. నువ్వప్పుడు మరీ చిన్నదానివి, నీకు గుర్తుండదు," అంది అమ్మ. "ఓడిపోతే వీడు కంచం తోసేసేవాడు. పూటలకి పూటలు పస్తుండేవాడు. నేను వెనకాలే తిరిగి బతిమాలలేక చచ్చేదాన్ని. జంట పడితే వాడికిచ్చెయ్యండి, ఇంట్లో గొడవుండదు అని నేనే మీ నాన్నతో అన్నాను. నీతో ఏ బాధా లేదు కదే. నువ్వు ఓడినా తినేదానివి."

ఆ ఆఖరి మాట అమ్మ మెచ్చుకోలుగానే అంది. అదీ ఘోరం. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అంటారు. మొత్తినవాళ్ళకి మొత్తామన్న జ్ఞాపకం కూడా ఉండదు. ఇన్నేళ్ళూ అదృష్టం అనుకుంది, ఆట న్యాయం అనుకుంది. ఒక కంచం అన్నం అన్నమాట. వాడు తోసేశాడు, తను తినేసింది. దానికి ఒక షాపు, ఒక జీవితం. బంగారానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడుపు కూడా వచ్చింది కానీ దాన్ని రానివ్వలేదు. ఏడిస్తే మళ్ళీ ఎవరో ఒకరు తల నిమురుతారు.

అన్నయ్య వైపు తిరిగి ఒక్కటే అడిగింది. నీకు తెలుసా?

చిన్నప్పుడు తెలియదన్నాడు. స్కూల్లో స్నేహితుడి ఇంట్లో పలక మీద ఆడితే తెలిసిందన్నాడు.

"షాపు కోసం ఆడిన రోజుకి తెలుసా?"

అన్నయ్య చేతిలో ముక్కలు అటూఇటూ సర్దాడు. "తెలుసు," అన్నాడు.

వదిన గరిటె పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. బంగారం అన్నయ్య చేతిలోంచి ముక్కలు లాక్కుంది. పిల్లలిద్దరినీ మంచం దిగమంది. తను ఎక్కి కూర్చుని ముక్కలు కలిపింది, పంచింది.

"ఆ రోజు ఆట ఇంకా అవ్వలేదు. నాలుగు నాలుగు రేవులు, ఆపైన జంట. ఒక్క చుట్టు మిగిలింది. నువ్వు గెలిస్తే షాపు నీ కొడుక్కి ఇచ్చుకో, మళ్ళీ ఈ గుమ్మం తొక్కి అడగను. నేను గెలిస్తే రేపటినుంచి నా కూతురు బల్ల దగ్గర కూర్చుంటుంది. ముక్కలు ఎత్తు."

"పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టాల్సినప్పుడు పట్టలేదు. ఎత్తు."

అన్నయ్య ఎత్తలేదు. ముక్కల వంక చూశాడు, అమ్మ వంక చూశాడు. ఇంత వయసొచ్చి ఇదేం గోలన్నాడు. జరిగినదాన్ని తవ్వుకుంటే ఏమొస్తుందన్నాడు. నేనేమైనా షాపు తగలేశానా, నిలబెట్టలేదా అన్నాడు. అన్నీ నిజాలే, ఒక్కటీ జవాబు కాదు. బంగారం తన ముక్కలు విప్పి పట్టుకుని కూర్చుంది. గాలి ఒకటి ఉంది, రేవు ఒకటి ఉంది. గెలవొచ్చు, ఓడొచ్చు. ఓడినా ఫరవాలేదనిపించింది. ఈసారి ఓడితే నిజంగా ఓడినట్టు.

"మామయ్యా," అంది కూతురు మెల్లగా, "పంచిన ముక్కలు ఎత్తనివాళ్ళు ఆట వదులుకున్నట్టే కదా? అదీ తాతయ్య పెట్టిందే."

అందులో అబద్ధం లేదు. ఆ నియమం ఆ ఇంట్లో అందరికీ తెలుసు, గోడలకి కూడా తెలుసు. వదిన మొగుడి మొహం చూసింది, ఏమనుకుందో ఏమో, షాపులోకి వెళ్ళి బల్ల ముందున్న రెండో స్టూలు మీది పాత డబ్బాలు కిందికి దించేసి వచ్చింది. మేనల్లుడు హమ్మయ్య అన్నట్టు గోడకి జారగిలబడ్డాడు. వాడిని మొదటినుంచీ ఎవరడిగారు కనుక.

కంచాలు వచ్చాయి. అన్నయ్య తన ముందు పెట్టిన కంచాన్ని రెండు వేళ్ళతో జరిపేశాడు.

"నాకాకలి లేదు," అన్నాడు.

అమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఎవరూ చెప్పకుండానే లేచింది. మోకాళ్ళు సహకరించకపోయినా లేచి, ఆ కంచం అందుకుని, నాయనా రెండు ముద్దలు అనబోయింది. యాభై ఏళ్ళ కొడుకు మొహం పక్కకి తిప్పుకుని కూర్చున్నాడు.

"కూర్చో అమ్మా," అంది బంగారం. "ఆకలేస్తే వాడే తింటాడు."

అమ్మ కంచం పట్టుకుని బంగారం వంక చూసింది, కొడుకు వంక చూసింది. కంచం మంచం చివర పెట్టి, వెనక్కి వెళ్ళి కూర్చుంది. వదిన అత్తగారికి వడ్డించింది. బంగారం ముక్కలు కింద పెట్టి, చేతులు కడుక్కుని, తన కంచం ముందుకు లాక్కుంది. అన్నయ్య ఆ పూట తినలేదు. మిగిలినవాళ్ళందరూ తిన్నారు. అమ్మ కూడా తిన్నది.